మందుల కంపెనీ కానుక: హదియానా? రిష్వతా?

ప్రళయదినాన దాసుడు తన ప్రభువు ముందు నిలబడినప్పుడు ఆయుష్షు గురించి ఒక ప్రశ్న, యవ్వనం గురించి ఒక ప్రశ్న, నేర్చుకున్న జ్ఞానం గురించి ఒక ప్రశ్న ఎదురవుతాయి. ధనం గురించి మాత్రం రెండు ప్రశ్నలు ఉంటాయని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఎక్కడి నుంచి సంపాదించావు? ఎందులో ఖర్చు పెట్టావు? మనలో చాలామందిమి రెండో ప్రశ్నకు ఎంతో కొంత సిద్ధపడుతూనే ఉంటాం. జకాత్ లెక్క కడతాం, సదఖా ఇస్తాం, ఖుర్బానీ చేస్తాం. మొదటి ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి మాత్రం, దొంగతనం చేయలేదు కదా, వడ్డీ తినలేదు కదా అని సరిపెట్టుకుంటాం. నేటి కాలపు ఉద్యోగాల్లో హలాల్, హరామ్ అంత విడివిడిగా కనిపించవు. ఒకే సంచిలో రెండూ కలిసి ఉంటాయి. వాటిని వేరు చేయడానికే ధర్మజ్ఞానం కావాలి.

కొన్నాళ్ళ క్రితం ఒక జుమా నమాజు తరువాత ఒక యువకుడు మా దగ్గర కూర్చుండిపోయాడు. బి.ఎస్సీ. చదివాడు. నాలుగేళ్ళుగా ఒక మందుల కంపెనీలో మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేస్తున్నాడు. అందరూ వెళ్ళిపోయాక నెమ్మదిగా అడిగాడు.

"మౌలానా సాబ్, మా కంపెనీ మందు నకిలీది కాదు, పూర్తి స్టాండర్డ్ మందు. దాని గురించి డాక్టర్లకు చెప్పడమే నా పని. కానీ చెబితేనే రాయరు. మా మేనేజరు ఒక డాక్టరు పేరు చెప్పి, ఈ నెల ఆయన ఇంటికి ఏ.సి. పెట్టించమన్నాడు. ఆయన మూడు నెలలు మా మందు రాస్తాడట. నేను నా జేబులోంచి ఇవ్వడం లేదు, నా జేబులోకి తీసుకోవడమూ లేదు. తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి మాత్రమే. నా సంపాదన హలాలేనా?"

ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఉన్నాయనీ, అబ్బా పక్షవాతంతో మంచం పట్టారనీ చివర్లో చెప్పాడు. ఆ మాట జాలి కోసం చెప్పినట్టు లేదు. జవాబు ఏదైనా దాని బరువు ఎవరి మీద పడుతుందో మాకు తెలియాలని చెప్పినట్టుంది.

ఈ ప్రశ్న ఆ ఒక్కడిది కాదు. మన ఇళ్ళలో ఫార్మసీ చదివినవారు, సైన్సు డిగ్రీ పూర్తి చేసినవారు ఎందరో ఈ వృత్తిలో ఉన్నారు. హైదరాబాదు దేశంలోనే మందుల తయారీకి పేరుపడిన నగరం. అందుకే ఈ సంగతిని కాస్త వివరంగా పరిశీలిద్దాం.

ఈ పని అసలు ఏమిటి?

ఇతర సరుకులకు, మందులకు ఒక పెద్ద తేడా ఉంది. సబ్బు కొనేవాడే సబ్బును ఎంచుకుంటాడు, వాడే డబ్బు ఇస్తాడు, వాడే వాడుకుంటాడు. మందు విషయంలో ఎంచుకునేది డాక్టరు, డబ్బు ఇచ్చేది రోగి, లాభం పొందేది కంపెనీ. చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందులను పత్రికల్లో, టీవీలో మామూలు సరుకులా ప్రకటించుకోవడం కుదరదు. కాబట్టి కంపెనీలు తమ మనుషులను నేరుగా డాక్టర్ల దగ్గరకు పంపుతాయి. ఓ.పి. అయ్యేదాకా గుమ్మం దగ్గర నిలబడి, దొరికిన రెండు మూడు నిమిషాల్లో బొమ్మల పుస్తకం తెరిచి, మందు పేరు, మోతాదు, గుణం చెప్పి, రెండు శాంపిళ్ళు బల్ల మీద పెట్టి రావడం ఆ మనుషుల పని. దీనిని వారు డిటైలింగ్ అంటారు. నెలాఖరుకు టార్గెట్ ఉంటుంది. అది దాటితే ఇన్సెంటివ్, దాటకపోతే మేనేజరు ఫోను.

ఇలాంటి మందులకు ఈ వ్యాపారంలో ఒక పేరుంది. వాటిని 'ఎథికల్' మందులు అంటారు. ఆ ఇంగ్లీషు మాటకు నైతికమైనవి అని అర్థం. పేరులో ఉన్న నీతి పనిలో ఎంత ఉందన్నదే మన ప్రశ్న.

మొదట న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ఈ పని దానంతట అది చెడ్డది కాదు. ఊళ్ళో రోజుకు వంద మందిని చూసే డాక్టరుకు కొత్తగా వచ్చిన ప్రతి మందు గురించి చదివే తీరిక ఉండదు. ఒక మందు ఏ జబ్బుకు, ఎంత మోతాదులో, ఎవరికి ఇవ్వకూడదు, ఏ మందుతో కలపకూడదు అన్నది సరిగ్గా తెలిపేవాడు డాక్టరుకూ, రోగికీ మేలు చేసినట్టే. సరుకుకు, కొనుగోలుదారుకు మధ్య నిలబడి ప్రతిఫలం తీసుకోవడాన్ని ఫిఖహ్‌లో సమ్‌సరా అంటారు. ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీం నఖయీ, హసన్ బస్రీ (రహ్మ) వంటి పెద్దలు అందులో దోషం చూడలేదని ఇమామ్ బుఖారీ (రహ్మ) తన సహీహ్‌లో పేర్కొన్నారు.

దైవప్రవక్త (స) కాలంలో మదీనా బజారులో మధ్యవర్తులను సమాసిరా అని పిలిచేవారు. ఆయన వారి దగ్గరకు వచ్చి, అంతకంటే మంచి పేరుతో, వర్తకులారా అని సంబోధించారు. వ్యాపారంలో వ్యర్థపు మాటలు, ప్రమాణాలు దొర్లుతూ ఉంటాయి గనుక దానిలో దానధర్మాలను కలుపుతూ ఉండమని హితవు చెప్పారు. ఈ సంఘటనను హజ్రత్ ఖైస్ బిన్ అబీ గరజా (రజి) ఉల్లేఖించారు. నోటితో సరుకు అమ్మేవాడి నాలుక ఎక్కడ జారుతుందో ప్రవక్త (స)కు తెలుసు. అయినా ఆ వృత్తిని వదిలేయమనలేదు. గౌరవమైన పేరు పెట్టి, జాగ్రత్త చెప్పారు.

మొదటి గీత: దాచిపెట్టడం

హలాల్‌గా ఉన్న ఈ పని ఎక్కడ చెడుతుంది? మొదటి చోటు నాలుకే. బజారులో ఒక ధాన్యపు కుప్పలో దైవప్రవక్త (స) చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా ఉంది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అయితే ఆ తడి ధాన్యాన్ని జనానికి కనబడేలా పైనే ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసం చేసేవాడితో తనకు సంబంధం లేదన్నారు. ఆ వర్తకుడు నోటితో అబద్ధమేమీ చెప్పలేదు. ధాన్యం కూడా నకిలీది కాదు. ఉన్న లోపాన్ని కింద ఉంచాడు, అంతే. దానినే మన ధర్మవేత్తలు తద్‌లీస్ అన్నారు.

బొమ్మల పుస్తకంలో మందు గుణాలు పెద్ద అక్షరాల్లోనూ, దుష్ఫలితాలు కంటికి ఆనని చిన్న అక్షరాల్లోనూ ఉంటే, అది తడి ధాన్యాన్ని కిందికి తోయడం కాదా?

దీని ఫలితం ఎంత దూరం వెళుతుందో చెప్పే నిజమైన ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలో 1999లో 'వయాక్స్' అనే కీళ్ళనొప్పుల మందు మార్కెట్లోకి వచ్చింది. దాని అసలు పేరు రోఫెకాక్సిబ్. పెద్ద కంపెనీ, ప్రభుత్వ అనుమతి ఉన్న మందు. 2000లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, పోల్చి చూసిన మరో నొప్పి మందు కంటే ఈ మందు వాడినవారిలో గుండెపోట్లు ఎక్కువగా కనిపించాయి. అయినా అమ్మకాలు ఆగలేదు. డాక్టర్లు గుండె గురించి అడిగితే ఏమని జవాబివ్వాలో, మాటను ఎలా దాటవేయాలో రిప్రజెంటేటివ్‌లకు నేర్పిన పత్రాలు తరువాత బయటపడ్డాయి. 2005లో అక్కడి పార్లమెంటు సభ్యులు వాటిని ప్రజల ముందు పెట్టారు. డాక్టర్లకు చూపించడానికి ఒక కార్డు ఇచ్చారు, కానీ ఆ అధ్యయనం సంగతి తమంతట తాము ఎత్తవద్దన్నారు. చివరికి 2004 సెప్టెంబరు 30న కంపెనీ ఆ మందును ప్రపంచమంతటా ఉపసంహరించుకుంది. మన దేశంలో కూడా అదే సంవత్సరం డిసెంబరులో దానిని నిషేధించారు.

ఆ రిప్రజెంటేటివ్‌లలో ఎక్కువమంది చెడ్డవాళ్ళని మేము అనుకోవడం లేదు. చెప్పమన్నది చెప్పారు, చెప్పొద్దన్నది చెప్పలేదు. వారికీ ఇళ్ళున్నాయి, టార్గెట్లున్నాయి. కానీ ఒక్కొక్కరు దాచిన ఒక్కొక్క మాట ఎవరి గుండె మీద పడిందో వారికి ఎప్పటికీ తెలియదు. తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే.

రెండో గీత: కానుక

ఇప్పుడు ఆ యువకుడు అడిగిన అసలు ప్రశ్నకు వద్దాం. మందు మంచిదే, అబద్ధమూ చెప్పలేదు. ఒక కానుక ఇచ్చారు. అందులో తప్పేమిటి? ఒకరికొకరు కానుకలు ఇచ్చుకోవడం వల్ల ప్రేమ పెరుగుతుందని దైవప్రవక్త (స) బోధించలేదా?

బోధించారు. కానుక విషయంలో అదే ప్రవక్త (స) చెప్పిన మరో సంగతి కూడా సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లింలలో ఉంది. అజ్ద్ తెగకు చెందిన ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. ఆయన తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అని రెండు భాగాలు చూపించాడు. దైవప్రవక్త (స) మింబర్ ఎక్కి ప్రజలందరి ముందు ఆ సంగతి ప్రస్తావించారు. అతను తన తండ్రి ఇంట్లోనో తల్లి ఇంట్లోనో కూర్చుని ఉంటే ఆ కానుక అతన్ని వెతుక్కుంటూ వచ్చేదా అని ప్రశ్నించారు. అలా తీసుకున్నది ఒంటె అయినా, ఆవు అయినా, మేక అయినా ప్రళయదినాన మెడ మీద మోసుకుని రావలసి ఉంటుందని హెచ్చరించారు.

గమనించండి. జకాత్ సొమ్ములో ఆయన ఒక్క దిర్హం కూడా కాజేయలేదు. లెక్క దాచలేదు. తెచ్చి అందరి ముందే పెట్టాడు. అయినా మందలింపు వచ్చింది. ఎందుకంటే ఆ కానుక మనిషికి వచ్చింది కాదు, ఆ మనిషి కూర్చున్న కుర్చీకి వచ్చింది.

ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యా గ్రంథంలో హలాల్, హరామ్ గురించి రాస్తూ హదియా, రిష్వత్‌ల తేడాను లోతుగా చర్చించారు. మనిషి ఇచ్చేది పరలోక ప్రతిఫలం కోసమా, ప్రేమ కోసమా, లేక ఎదుటివాడి హోదాతో తన పని జరిపించుకోవడానికా అని విభజించి చూపారు. చివరికి పైన చెప్పిన హదీసునే కొలబద్దగా నిలబెట్టారు. పదవిలో ఉన్నవాడు తనను తాను తల్లిదండ్రుల ఇంట్లో ఖాళీగా కూర్చున్నట్టు ఊహించుకోవాలి. అప్పుడు కూడా వచ్చే కానుక అయితే తీసుకోవచ్చు. పదవి వల్లే వచ్చేదైతే తీసుకోకూడదు. సందేహం ఉంటే దూరంగా ఉండాలి.

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఖలీఫాగా ఉన్న రోజుల్లో ఆయనకు యాపిల్ పండ్లు తినాలనిపించింది. ఇంట్లో కొనడానికి డబ్బు లేదు. అంతలో కొందరు పళ్ళేల నిండా యాపిళ్ళు కానుకగా తెచ్చారు. ఒకటి తీసుకుని వాసన చూసి, అన్నీ తిరిగి పంపించేశారు. దైవప్రవక్త (స) కానుకలు స్వీకరించేవారు కదా అని అడిగితే, ఆయనకు అది కానుకే, మన తరువాతి పాలకులకు అది లంచమవుతుందని జవాబిచ్చారు.

ఈ కొలబద్దను ఆ ఏ.సి. మీద పెట్టి చూడండి. ఆ డాక్టరు రేపు ప్రాక్టీసు మానేసి ఇంట్లో కూర్చుంటే కంపెనీ ఆ ఏ.సి. ఇస్తుందా? కనీసం పండగకు పలకరిస్తుందా? ఇవ్వదని కంపెనీకి తెలుసు, డాక్టరుకు తెలుసు, మోసుకెళ్ళే కుర్రవాడికీ తెలుసు. పైగా మూడు నెలలు రాయాలన్న షరతు ముందే ఉంది. షరతు పెట్టిన తరువాత దానిని కానుక అనడానికి వీల్లేదు.

"మందు మంచిదే కదా!"

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. దానిని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఒకే మందును పాతిక కంపెనీలు పాతిక పేర్లతో తయారు చేస్తాయి. డాక్టరు ఏదో ఒక పేరు రాయాల్సిందే. అన్నీ ప్రమాణానికి తగినవే అయినప్పుడు మా పేరు రాస్తే రోగికి వచ్చే నష్టమేమిటి? లంచమంటే న్యాయం తారుమారు కావాలి కదా?

దీనికి మూడు జవాబులు ఉన్నాయి.

మొదటిది ధర. ఏ.సి. డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు. కంపెనీ తన ఖర్చంతా సరుకు అమ్మకం మీదే రాబట్టుకుంటుంది. సాయంత్రం పూట ఏదైనా మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. చీటీలో అయిదు మందులుంటే, వీటిలో ముఖ్యమైనవి ఏవో చెప్పన్నా, రెండు రోజులకు సరిపడా ఇవ్వు అని అడిగే ఆటో డ్రైవరు కనిపిస్తాడు. డాక్టరు గది చల్లబడటానికి అతను కూడా చందా ఇస్తున్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు. ఒకరి సొమ్మును ఒకరు అధర్మంగా తినడాన్నీ, దానికోసం అధికారంలో ఉన్నవారికి ధనం ఎరవేయడాన్నీ దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో నిషేధించింది.

రెండోది అవసరం లేని మందు. మూడు నెలల లెక్క పూర్తి చేయవలసిన కలం, ఇద్దరికి అవసరమైన చోట నలుగురికి రాస్తుంది. టానిక్కు అక్కర్లేని మనిషికి టానిక్కు, యాంటీబయాటిక్ అక్కర్లేని జలుబుకు యాంటీబయాటిక్ వస్తాయి. మంచి మందు కూడా అక్కర్లేని శరీరంలో మంచిది కాదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. డాక్టరు రోగికి అమీన్, నమ్మకస్థుడు. సలహా అడిగించుకున్నవాడి మీద అమానత్ బాధ్యత ఉంటుందని దైవప్రవక్త (స) బోధించారు. రోగి బట్ట విప్పి, నాలుక చాపి, ఇంట్లో చెప్పుకోలేని బాధ చెప్పుకునేది ఆ నమ్మకంతోనే. ఫిఖహ్ ప్రకారం ఒకరి తరఫున కొనుగోలు చేయడానికి ఒప్పుకున్న వకీల్, అమ్మేవాడి దగ్గర దొంగచాటుగా ప్రతిఫలం తీసుకోకూడదు. డాక్టరు చీటీ రాయడం అంటే రోగి తరఫున ఎంపిక చేయడమే. ఫీజు రోగి దగ్గర, ఏ.సి. కంపెనీ దగ్గర తీసుకుంటే, ఆ కలం ఎవరిది? ఈసారి రోగికి నష్టం జరగకపోయినా, నమ్మకం మాత్రం అతనికి తెలియకుండానే అమ్ముడుపోయింది.

"ఇవ్వకపోతే పని జరగదు!"

ఫిఖహ్ కాస్త తెలిసిన సోదరులు మరో వాదన చేస్తారు. తన హక్కును దక్కించుకోవడానికో, దౌర్జన్యం నుంచి తప్పించుకోవడానికో వేరే దారి లేక ఇచ్చినప్పుడు పాపం తీసుకున్నవాడిదే గాని ఇచ్చినవాడిది కాదని ధర్మవేత్తలు అన్నారు కదా? నిజమే, అన్నారు. కానీ ఆ మినహాయింపు తన హక్కు విషయంలో. డాక్టరు రాసే చీటీ కంపెనీ హక్కు కాదు. అది రోగి హక్కు. ఇతరుల హక్కును కొనుక్కోవడానికి ఆ మినహాయింపు వర్తించదు.

తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి మాత్రమే అన్న మాటకు కూడా జవాబు ఉంది. లంచం ఇచ్చేవాణ్ణి, తీసుకునేవాణ్ణి దైవప్రవక్త (స) శపించారన్న హదీసు అందరికీ తెలిసిందే. ఆ ఇద్దరి మధ్య నడిచే మూడోవాణ్ణి కూడా కలిపి చెప్పిన ఉల్లేఖనం ఉంది. అతన్ని అరబీలో రాయిష్ అన్నారు. పాపంలోనూ, దౌర్జన్యంలోనూ ఒకరికొకరు సహకరించుకోకూడదన్నది ఖుర్ఆన్ ఆదేశం. మోసే చేతికి లెక్క లేదనుకోవడం మన భ్రమ.

దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది

కొందరు దీనిని మౌలానాల ఛాదస్తం అనుకోవచ్చు. దేశంలోని నియమాలు ఏమంటున్నాయో చూద్దాం. డాక్టర్ల నడవడికకు సంబంధించి 2002లో వచ్చిన మెడికల్ కౌన్సిల్ నియమావళిని 2009 డిసెంబరులో సవరించి, మందుల కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం, నగదు తీసుకోవడాన్ని నిషేధించారు. ఇలాంటి కానుకల ఖర్చును కంపెనీలు ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోవడానికి వీల్లేదని 2012లో కేంద్ర పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. 2022 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు ఒక మందుల కంపెనీ కేసులో అదే మాటను ఖరారు చేసింది. తీసుకోవడం డాక్టరుకు నిషిద్ధమైనప్పుడు ఇవ్వడం కంపెనీకి ధర్మబద్ధమైన ఖర్చు ఎలా అవుతుందన్నది ఆ తీర్పు సారాంశం. ఇచ్చేవాడు, తీసుకునేవాడు ఇద్దరూ ఒకే పాపంలో ఉన్నారని పద్నాలుగు వందల ఏళ్ళ క్రితం విన్నవారికి ఈ తర్కం కొత్తది కాదు.

2024 మార్చి 12న కేంద్ర ప్రభుత్వం మందుల ప్రచారానికి కొత్త నియమావళి ప్రకటించింది. డాక్టరుకే కాదు, ఆయన కుటుంబ సభ్యులకు కూడా కానుకలు ఇవ్వకూడదు. డాక్టరును కలవడానికి ఏ రూపంలోనూ డబ్బు చెల్లించకూడదు, ప్రలోభం చూపకూడదు. షరతులేమీ చెప్పకుండా ఒక మందును 'సురక్షితం' అనకూడదు. శాంపిళ్ళకు కూడా పరిమితి ఉంది. ఏడాదిలో ఇచ్చే శాంపిళ్ళ విలువ దేశీయ అమ్మకాల్లో 2 శాతం దాటకూడదు. తమ ప్రతినిధులు చేసిన పనికి కంపెనీయే బాధ్యత వహించాలి.

ఇంకో విషయం. ఈ ప్రలోభాలను అరికట్టే నియమాలకు చట్టబలం కావాలని సుప్రీంకోర్టుకు వెళ్ళినవారిలో మెడికల్ రిప్రజెంటేటివ్‌ల సమాఖ్య కూడా ఉంది. 2022లో కోర్టు ఆ పిటిషన్‌పై కేంద్రానికి నోటీసు ఇచ్చింది. అంటే ఈ పని చేసేవారే ఈ బరువు మోయలేమని చెప్పుకున్నారు. వారి మనసుల్లో గుచ్చుకునేది ఏదో ఉంది. పాపమంటే హృదయంలో కలుక్కుమనేదనీ, జనం ఎన్ని ఫత్వాలిచ్చినా నీ హృదయాన్ని అడుగు అనీ దైవప్రవక్త (స) హజ్రత్ వాబిసా (రజి)కు చెప్పింది దీని గురించే.

ఆ యువకుడి ఎదురు ప్రశ్న

మేము ఇవన్నీ ఆ రోజు అతనికి వివరించాం. మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. చివర్లో తల దించుకుని అడిగాడు.

"మౌలానా సాబ్, తప్పుగా అనుకోవద్దు. రమజాన్‌లో మదరసా రసీదు పుస్తకం పట్టుకుని వచ్చే సఫీర్ సాబ్‌లకు వసూలులో వంతు ఉంటుందని అంటారు. ఇచ్చేవాడికి ఆ సంగతి తెలియదు కదా. అది ఏమవుతుంది?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఎందుకంటే చదువుకునే రోజుల్లో మేమూ ఒక రమజాన్‌లో రసీదు పుస్తకం పట్టుకుని ఊళ్ళు తిరిగాం. వసూలైన దానిలో ఇంత శాతమని ముందే మాట్లాడుకున్నారు. తీసుకున్నాం, ఖర్చు పెట్టుకున్నాం. అనాథ పిల్లల చదువుకని ఇచ్చిన వృద్ధురాలికి, అందులో కొంత మా చేతిలో ఆగుతుందని మేము చెప్పలేదు. ఈ కమీషన్ పద్ధతిని చాలామంది ముఫ్తీలు సమ్మతించలేదనీ, తిరిగినవారికి నికరమైన జీతం ఇవ్వాలన్నారనీ తరువాత చదివాం. చదివాక కూడా ఆ పాత సొమ్ము గురించి ఎప్పుడూ తిరిగి ఆలోచించలేదు.

"నీ ప్రశ్న సరైనదే తమ్ముడూ. అక్కడ కూడా గీత అదే. మేమూ దాన్ని దాటాం," అని ఒప్పుకున్నాం. ఆ సంవత్సరం తీసుకున్నంత లెక్కగట్టి ఆ మదరసాకు తిరిగి పంపడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఇది గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. కొలబద్ద చేతిలో ఉన్నవాడు మొదట తన సరుకును కొలుచుకోవాలి. ఇతరుల నుంచి నిండుగా కొలిచి పుచ్చుకుని, తాము ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి ముతఫ్ఫిఫీన్ సూరాలో ఉన్న హెచ్చరిక ధర్మం బోధించేవారికి కూడా వర్తిస్తుంది.

మరి ఏం చేయాలి?

ఆ యువకుడికి మేము చెప్పినది ఇది. నీ ఉద్యోగం మొత్తం హరామ్ కాదు. మందు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పి తీసుకునే జీతం నీ కష్టార్జితం. ఈ రోజే రాజీనామా చేసి చెల్లెళ్ళను, అబ్బాను వీధిలో పెట్టమని షరీఅత్ చెప్పదు. కానీ ఆ ఏ.సి. నీ చేతుల మీదుగా వెళ్ళకూడదు. మేనేజరుతో మర్యాదగా, రాతపూర్వకంగా చెప్పు. నియమావళిని చూపించు. ఇలాంటి లావాదేవీ వల్లే వచ్చిందని నీకు తెలిసిన ఇన్సెంటివ్ ఉంటే దానిని నీ ఇంటి ఖర్చులో కలపకు. పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయి. అదే వృత్తిలో శుభ్రంగా పనిచేయనిచ్చే చోటు వెతుక్కో. దొరికేదాకా నీ నాలుకను కాపాడుకో. డాక్టరు అడగకపోయినా దుష్ఫలితాలు చెప్పు. ఎవరికి ఇవ్వకూడదో చెప్పు. తెలియనిది తెలియదని చెప్పు. ఒక్కొక్కరి లెక్క ఒక్కో విధంగా ఉంటుంది గనుక, వివరాలతో దగ్గరలోని ముఫ్తీ సాహెబ్‌ను అడిగి నిర్ణయించుకో.

మన డాక్టరు సోదరులకు ఒక విన్నపం. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని హదీసులో ఉంది. తెలిసి ఉండి, కలాన్ని వేరొకరి చేతికి అప్పగించినవాడి లెక్క ఇంకెంత కఠినంగా ఉంటుందో ఆలోచించండి. మీ గుమ్మం దగ్గర గంటసేపు నిలబడే ఆ కుర్రవాడిని అడుగులేసే చెయ్యిగా చూడకండి. అతను కూడా ఎవరి బిడ్డో. అతని దగ్గర సమాచారం తీసుకోండి, వస్తువు తీసుకోకండి. మందు అసలు పేరును స్పష్టంగా రాయాలని 2016లో వచ్చిన నియమాన్ని పాటించండి. పేదవాడు తనకు అందుబాటులో ఉన్నది కొనుక్కుంటాడు.

మన ఇళ్ళలోని తల్లిదండ్రులకు కూడా ఒక మాట. కొడుకు నెలనెలా తెచ్చే డబ్బు పెరిగితే సంతోషిస్తాం. ఎలా పెరిగింది బేటా అని ఒక్కసారైనా అడుగుతున్నామా? పూర్వం పుణ్యస్త్రీలు పనికి బయలుదేరే భర్తతో, ఆకలిని ఓర్చుకుంటాం గాని నరకాగ్నిని ఓర్చుకోలేం, మాకు హరామ్ తినిపించకండి అని చెప్పేవారని పెద్దలు గుర్తుచేస్తుంటారు. టార్గెట్ గురించి మేనేజరు రోజూ అడుగుతాడు. హలాల్ గురించి అడిగేవారు ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.

ఆ యువకుడు కొన్ని వారాల తరువాత మళ్ళీ వచ్చాడు. ఏ.సి. పని వేరే కుర్రవాడు పూర్తి చేశాడట. ఇతని టార్గెట్ దెబ్బతింది, ఇన్సెంటివ్ పోయింది. బదిలీ మాట కూడా వినిపిస్తోందట. "పెద్ద చెల్లి పెళ్ళి వాయిదా వేశాం మౌలానా సాబ్. అబ్బాకు కారణం చెప్పాను. ఆయనకు మాట సరిగ్గా రాదు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు," అన్నాడు.

అల్లాహ్‌కు భయపడి ఒక వస్తువును వదిలినవాడికి ఆయన అంతకంటే మేలైనది ప్రసాదిస్తాడని మన విశ్వాసం. ఆ మేలు ఈ నెలాఖరుకే వస్తుందని మేము అతనికి మాట ఇవ్వలేదు. వాగ్దానం చేసినవాడు అల్లాహ్. ఎప్పుడు, ఏ రూపంలో అన్నది ఆయనకే తెలుసు.

ఓ అల్లాహ్! మాకు హలాల్ ఉపాధినిచ్చి హరామ్ అవసరం లేకుండా చేయి. మా నాలుకలను, మా కలాలను, మా చేతులను అమానత్‌కు ద్రోహం చేయకుండా కాపాడు. రోగులకు స్వస్థతను, కష్టంలో నిలబడినవారికి స్థైర్యాన్ని ప్రసాదించు. ఆమీన్.